ఫిష్ ఫైండర్ కొన్నారా? ముందు ఆ చేప బొమ్మల్ని ఆఫ్ చేయండి

ఫిష్ ఫైండర్ కొనాలనుకునే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "4 అంగుళాల స్క్రీన్ చాలా, 7 అంగుళాలది తీసుకోవాలా?" రెండో ప్రశ్న, "చేప ఎంత సైజుందో కూడా చూపిస్తుందా?" రెండూ ఫోన్ కొనే అలవాటు నుంచి వచ్చిన ప్రశ్నలే. ఫోన్‌లో డిస్‌ప్లే ఎంత బాగుంటే అంత మంచిది, కెమెరా ఆటో మోడ్ ఎంత తెలివైనదైతే మనకి అంత సుఖం. సోనార్ దగ్గర ఈ లెక్క పనిచేయదు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. 150 డాలర్ల బేసిక్ యూనిట్‌ని చేత్తో సెట్ చేసుకుని వాడే మనిషి, 800 డాలర్ల యూనిట్‌ని ఆటోలో పెట్టి చేప బొమ్మల కోసం ఎదురుచూసే మనిషి కంటే నీళ్ల కింద సంగతులు ఎక్కువ తెలుసుకుంటాడు.

డాలస్ వైపు ప్లేనో, ఫ్రిస్కోల్లో ఉంటూ వీకెండ్ రాగానే గాలం పట్టుకుని బయల్దేరే మనవాళ్లు తక్కువేం కాదు. కాస్త ఉత్సాహం ఎక్కువైతే చేరేది టెక్సోమా లేక్‌కే. టెక్సాస్, ఓక్లహోమా సరిహద్దులో రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ కట్టగా 1944లో ఏర్పడిన రిజర్వాయర్ అది. విస్తీర్ణం దాదాపు 89 వేల ఎకరాలు. అక్కడ అందరూ వెతికేది స్ట్రైపర్, అంటే స్ట్రైప్డ్ బాస్. అసలు ఇది అట్లాంటిక్ తీరంలో సముద్రానికీ నదికీ మధ్య తిరిగే చేప. తెచ్చి వదిలితే టెక్సోమాలో తనంతట తాను పిల్లలు పెట్టి నిలబడిపోయింది. అలా సొంతంగా పెరిగే మంచినీటి రిజర్వాయర్లు చాలా తక్కువ. ఈ చేప గట్టు పక్కన గడ్డిలో కూర్చోదు. షాడ్ అనే చిన్న చేపల గుంపుల వెంట పడి నడి నీళ్లలో తిరుగుతుంది. గట్టు మీద నిలబడి ఊహించేది కాదు కాబట్టి సోనార్ అవసరం నిజంగానే ఉంటుంది. కానీ డబ్బా కొని, పడవకి తగిలించి, నాలుగు శనివారాలు తిరిగి, "ఇది పనికిరాదు" అని అమ్మకానికి పెట్టేసేవాళ్లని చూస్తూనే ఉన్నాం. చాలాసార్లు లోపం డబ్బాలో ఉండదు, దాన్ని చదవడం ఎవరూ చెప్పకపోవడంలో ఉంటుంది.

స్క్రీన్ మీద ఉన్నది వీడియో కాదు

పడవ కింద ఉండే ట్రాన్స్‌డ్యూసర్ ఒక శబ్దాన్ని కిందికి పంపుతుంది. మంచినీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1,480 మీటర్లు వెళ్తుంది. 30 అడుగుల లోతులో నేలని తాకి తిరిగి రావడానికి 12 మిల్లీసెకన్లు చాలు. తిరిగొచ్చిన శబ్దాన్ని యూనిట్ స్క్రీన్ కుడి అంచున ఒక నిలువు గీతగా గీస్తుంది. మరో పల్స్ వస్తే మరో గీత, పాతది ఎడమవైపు జరుగుతుంది. అంతే, ఇంకేం లేదు.

అంటే "ఇప్పుడు" అనేది కుడి అంచున ఉన్న ఆ ఒక్క గీతే. మిగతా స్క్రీన్ అంతా గడిచిపోయిన సంగతి. ఆస్పత్రిలో ఈసీజీ కాగితం లాగా అనుకోండి. స్క్రీన్‌లో ఎడమవైపు కనిపించిన చేప మీ పడవకి ఎడమవైపు లేదు. ఒక నిమిషం కిందట మీ పడవ కింద ఉండేది, అంతే. చాలామంది స్క్రీన్ మధ్యలో ఏదో కనిపించగానే ఆ దిక్కుకి లూర్ విసురుతారు. అది నిన్నటి పేపర్ చూసి ఇవాళ బస్సు ఎక్కడం లాంటిది.

ఇది బుర్రకెక్కితే మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి. పడవ ఆపి ఉంచారు, కింద ఒక చేప కదలకుండా ఉంది. ప్రతి గీతలోనూ అదే లోతులో అదే చుక్క పడుతుంది, స్క్రీన్ అంతా ఒక పొడవాటి తాడులా కనిపిస్తుంది. కింద ఏదో కొండచిలువ ఉందని కంగారు పడక్కర్లేదు. అదే అరడుగు చేప మీదుగా పడవ వేగంగా వెళ్లిందనుకోండి, చిన్న చుక్క పడి ఊరుకుంటుంది. అందుకని పొడవు చూసి సైజు చెప్పకూడదు. మందం చూడాలి, రంగు చూడాలి.

అందరూ వెతికే ఆ "ఆర్చ్" సంగతి కూడా ఇంతే. శబ్దం కిందికి వెళ్లేకొద్దీ టార్చిలైట్ వెలుగులా విచ్చుకుంటుంది. చేప ఆ వెలుగు అంచులో ఉన్నప్పుడు ట్రాన్స్‌డ్యూసర్‌కి కొంచెం దూరం, సరిగ్గా కిందికి వచ్చినప్పుడు దగ్గర, అవతలి అంచుకి వెళ్తే మళ్లీ దూరం. ఈ దూరం తేడాయే వంపుగా కనిపిస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. 20 డిగ్రీల కోన్‌లో, 30 అడుగుల లోతున ఉన్న చేపకి ఆ తేడా ఐదున్నర అంగుళాలు. 60 అడుగుల దగ్గర 11 అంగుళాలు. 10 అడుగుల లోతులో రెండు అంగుళాలు కూడా ఉండదు. అందుకే లోతు తక్కువ నీళ్లలో పుస్తకంలో వేసినట్టు ఆర్చ్ రాదు. రాలేదని యూనిట్‌ని తిట్టుకోవడం అన్యాయం.

ఆ బొమ్మలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఫిష్ ఐడీ అని ఒక ఫీచర్ ఉంటుంది. ఆన్ చేస్తే గీతలూ మరకలూ పోయి, ముద్దుగా చేప బొమ్మలు కనిపిస్తాయి. పెద్ద చేప, చిన్న చేప, పక్కన ఒక నంబర్. ఆ నంబర్ చేప బరువనో పొడవనో అనుకునేవాళ్లు ఉన్నారు. అది లోతు.

ఇందులో సాఫ్ట్‌వేర్ చేసే పని ఏమిటంటే, నేలకి అంటకుండా మధ్యలో ఏదైనా కాస్త గట్టిగా తిరిగొస్తే దానికి చేప బొమ్మ తగిలించడం. మునిగిన చెట్టు కొమ్మ చివర, నాచు కుచ్చు, నేల నుంచి లేచే గాలి బుడగలు, వేరే పడవ లేపిన నురగ... వీటిలో ఏదైనా చేపగా మారిపోవచ్చు. గుంపుగా ఉన్న వంద షాడ్ పిల్లలు కలిసి ఒక "పెద్ద చేప" అయిపోవచ్చు. ఇంకో తమాషా కూడా ఉంది. చేప ఒంట్లో శబ్దాన్ని బాగా వెనక్కి కొట్టేది కండ కాదు, గాలి తిత్తి. ఆ తిత్తి ఏ కోణంలో ఉంది, చేప కోన్ మధ్యలో ఉందా అంచులో ఉందా అన్నదాన్ని బట్టి ఎకో బలం మారుతుంది. మధ్యలో ఉన్న చిన్న చేప, అంచున ఉన్న పెద్ద చేప కంటే గట్టిగా పలుకుతుంది. మరి బొమ్మ సైజు దేన్ని చూపిస్తున్నట్టు?

ఇది మోసమని అనను. ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ లాంటిదే. కానీ బ్యూటీ ఫిల్టర్ వల్ల ఎవరూ మూడు గంటలు ఖాళీ నీళ్లలో గాలం వేసి కూర్చోరు. షాపులో డెమో మోడ్ నడుస్తుంటే ఆ బొమ్మలు అదరగొడతాయి, కొనేది వాటిని చూసే. నా దృష్టిలో అసలు నష్టం వేరే. బొమ్మలు ఆన్‌లో ఉన్నంతకాలం మనకి అసలు సిగ్నల్ చదవడం రాదు. ఎన్నేళ్లు వాడినా మొదటి రోజు దగ్గరే ఆగిపోతాం. పడవలో పిల్లలుంటే వాళ్ల సరదా కోసం ఓ పది నిమిషాలు ఆన్ చేయండి, నాకేం అభ్యంతరం లేదు.

నీళ్ల మీదే చేయాల్సిన సెట్టింగ్

ఇంట్లో సోఫాలో కూర్చుని మెనూలు తిప్పితే లాభం లేదు. పడవ నీళ్లలో ఉండాలి, మామూలుగా మీరు వెతికే వేగంలో కదులుతుండాలి, కింద 25, 30 అడుగుల లోతు ఉంటే మేలు.

మొదట డెప్త్ రేంజ్ ఆటో నుంచి తీసేయండి. నేల గీత స్క్రీన్‌లో కింది పావు భాగంలో పడేలా పెట్టుకోండి. 30 అడుగుల నీళ్లలో రేంజ్ 0 నుంచి 40 చాలు. ఇది ఎందుకంటే, 480 పిక్సెళ్ల ఎత్తున్న స్క్రీన్‌లో 60 అడుగులు చూపిస్తే ఒక్కో పిక్సెల్‌కి ఒకటిన్నర అంగుళం వస్తుంది. 120 అడుగులకి పెడితే మూడు అంగుళాలు. అనవసరంగా రేంజ్ పెంచితే డబ్బు పెట్టి కొన్న రిజల్యూషన్‌ని మీరే పారబోసినట్టు. స్ట్రైపర్ 20 నుంచి 40 అడుగుల మధ్యే తిరుగుతుందని తెలిసిన రోజున ఆ ముక్క వరకే జూమ్ పెట్టుకోవచ్చు. పెద్ద స్క్రీన్ కొనేకంటే ఇది చవక.

తర్వాత సెన్సిటివిటీ, కొన్ని యూనిట్లలో గెయిన్ అంటారు. మొత్తం వ్యవహారంలో దీనికున్న ప్రాముఖ్యం మరి దేనికీ లేదు. పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ లాగే ఇది. తక్కువ పెడితే బలహీనమైన ఎకోలు వినపడవు, మరీ ఎక్కువ పెడితే గరగర మాత్రమే మిగులుతుంది. ఆటో మోడ్ స్క్రీన్ శుభ్రంగా ఉండాలని చూస్తుంది, కాబట్టి సాధారణంగా తక్కువ వైపే ఉంటుంది. మీరు మాన్యువల్‌లోకి వచ్చి నెమ్మదిగా పెంచుతూ పోండి. నీళ్ల మధ్యలో ఇసుక చల్లినట్టు చుక్కలు నిండిపోయే దాకా పెంచి, అక్కడి నుంచి ఒక్కో మెట్టు తగ్గించండి. చుక్కలు పల్చబడి అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన చోట ఆగండి. స్క్రీన్ కాస్త మురికిగా కనిపించడమే సరైన గుర్తు. అద్దంలా తళతళలాడుతుంటే ఏదో దాచేస్తోందని అర్థం.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి ఇంకో ఆనవాలుంది. గట్టి నేల మీద ఉన్నప్పుడు, నేల గీతకి సరిగ్గా రెట్టింపు లోతులో ఇంకో మసక గీత కనిపిస్తుంది. శబ్దం నేలని తాకి, పైకొచ్చి, నీటి ఉపరితలాన్ని తాకి మళ్లీ కిందికెళ్లి వచ్చినప్పుడు పడే గీత అది. దీన్ని చూడాలంటే కాసేపు రేంజ్ రెట్టింపు చేయాలి. రాతినేల మీద ఆ రెండో గీత అందుతుంటే మీ సెన్సిటివిటీ బాగున్నట్టే. నేల స్వభావం కూడా ఇక్కడే తెలుస్తుంది. రాయీ గట్టి ఇసుకా ఉంటే నేల పట్టీ మందంగా, మెరుస్తూ వస్తుంది. బురద అయితే మసకగా, పల్చగా వస్తుంది, రెండో గీత ఉండదు. నాకు చేప కనిపించడం కంటే ఈ బురద రాయిగా మారే హద్దు కనిపించడమే ఎక్కువ ఉపయోగపడింది. చేప వెళ్లిపోతుంది, హద్దు ఎక్కడికీ పోదు. జీపీఎస్ ఉన్న యూనిట్ అయితే వెంటనే ఒక వేపాయింట్ కొట్టేయండి.

నాయిస్ ఫిల్టర్, సర్ఫేస్ క్లటర్ లాంటివి వీలైనంత తక్కువలో ఉంచండి. వాటిని పెంచడం వల్ల చెత్తతో పాటు చేపలూ పోతాయి. నిజంగా నాయిస్ ఎక్కువగా ఉంటే కారణం వెతకాలి. ట్రోలింగ్ మోటార్ ఆన్ చేయగానే నిలువు గీతలు వస్తున్నాయంటే, రెండిటికీ ఒకే బ్యాటరీ వాడుతున్నారేమో చూడండి. సోనార్‌కి చిన్నదైనా సరే, విడిగా 12 వోల్టుల బ్యాటరీ పెట్టండి, వైర్లు పక్కపక్కన వేయకండి. 4 అంగుళాల యూనిట్‌కి 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ రోజంతా వస్తుంది. పక్కన వేరే పడవలో అదే ఫ్రీక్వెన్సీ నడుస్తుంటే వచ్చే అడ్డగోలు చుక్కలకి మాత్రం దూరం జరగడమే మందు.

స్క్రోల్ స్పీడ్ పడవ వేగానికి తగ్గట్టు ఉండాలి. కదులుతున్నప్పుడు బాగా వేగంగా పెట్టండి, లేకపోతే ఆర్చ్‌లన్నీ నలిగి చుక్కలైపోతాయి. ఆగి నిలువుగా గాలం దింపేటప్పుడు స్క్రోల్‌ని కాదు, కుడి అంచున ఉండే ఎ-స్కోప్ పట్టీని చూడండి. మెనూలో ఎక్కడో దాక్కుని ఉంటుంది, ఫ్లాషర్ అని కూడా రాస్తారు. గతం ఏమీ లేకుండా ఇప్పటి ఎకోని మాత్రమే చూపిస్తుంది. టెక్సోమాలో స్లాబ్ అనే బరువైన లూర్‌ని నేరుగా కిందికి వదిలి ఆడిస్తారు. అప్పుడు మీ లూర్ దిగడం, ఏ లోతులోనో ఒక మరక దాని వైపు లేవడం ఈ పట్టీలో కనిపిస్తుంది. ఫిష్ ఫైండర్‌లో నిజంగా "లైవ్" అనదగ్గ భాగం ఇదొక్కటే. ఇది చవక యూనిట్లలోనూ ఉంటుంది.

ఫ్రీక్వెన్సీ గురించి అక్కర్లేనంత చర్చ జరుగుతుంది. 200 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో కోన్ సన్నగా ఉంటుంది, వివరం బాగుంటుంది. 20 డిగ్రీల కోన్ అయితే వెడల్పు లోతులో మూడో వంతు. 30 అడుగుల దగ్గర పదిన్నర అడుగులు. 77, 83 కిలోహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలో కోన్ బాగా విశాలం. 45 డిగ్రీలైతే అదే లోతులో 25 అడుగుల వలయం. ఎక్కువ చేపలు కనిపిస్తాయి, కానీ అవి పడవ కిందే ఉన్నాయా పక్కన పన్నెండు అడుగుల దూరంలో ఉన్నాయా తెలియదు. వెతికేటప్పుడు విశాలం, గాలం దింపేటప్పుడు సన్నం. చిర్ప్ ఉంటే తీసుకోండి, ఒకే ఫ్రీక్వెన్సీకి బదులు ఒక శ్రేణిలో శబ్దం పంపడం వల్ల దగ్గరదగ్గరగా ఉన్న చేపలు విడివిడిగా కనిపిస్తాయి. 455, 800 కిలోహెర్ట్జ్‌లలో నడిచే డౌన్ ఇమేజింగ్ మునిగిన చెట్లని ఫొటోలా చూపిస్తుంది. అందులో చేపలు ఆర్చ్‌లుగా కాదు, చిన్న తెల్ల చుక్కలుగా వస్తాయి. ఆర్చ్ కోసం అక్కడ వెతకొద్దు.

సోనార్‌కి అసలు కనపడని చోటు కూడా ఒకటుంది. నేల ఏటవాలుగా ఉంటే, కోన్‌లో ఎత్తుగా ఉన్న వైపు శబ్దం ముందు తగులుతుంది, యూనిట్ దాన్నే లోతుగా రాసుకుంటుంది. వాలులో ఇంకా కిందికి, నేలకి ఆనుకుని ఉన్న చేపల ఎకో ఆ నేల పట్టీలో కలిసిపోతుంది. రాతి గట్లు దిగిపోయే చోట "ఏమీ లేదు" అని స్క్రీన్ చెప్తే పూర్తిగా నమ్మకండి. సన్నటి కోన్ పెట్టి ఇంకోసారి చూడండి, లేదా లూర్ వేసే చూడండి.

వేసవిలో సెన్సిటివిటీ సరిగా ఉంటే నడి నీళ్లలో అడ్డంగా ఒక మసక పట్టీ కనిపిస్తుంది. దాన్ని నాయిస్ అనుకుని ఫిల్టర్‌తో తుడిచేయకండి. అది థర్మోక్లైన్. పైన వెచ్చటి నీళ్లు, కింద చల్లటి నీళ్లు కలవని హద్దు. ఎండాకాలం ముదిరేకొద్దీ దాని కింద ఆక్సిజన్ తగ్గిపోతుంది, చేపలు ఎక్కువగా దాని పైనే ఉంటాయి. ఈ ఒక్క పట్టీ కనిపిస్తే వెతకాల్సిన నీళ్లు సగానికి తగ్గిపోయినట్టే. ఆటోలో నడిపేవాళ్లకి ఇది చాలాసార్లు కనిపించదు.

వేసవి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. సోనార్ చదవడం వచ్చాక గుంపు దొరికితే ఒకదాని వెంట ఒకటి పడుతూనే ఉంటాయి. ఫొటో తీసి వదిలేస్తున్నాం కదా అనుకుంటారు. వేడి నీళ్ల రోజుల్లో లోతు నుంచి లాగిన స్ట్రైపర్‌ని వదిలినా, ఈదుకుంటూ వెళ్లినట్టు కనిపించి తర్వాత చచ్చిపోయేవి చాలా ఉంటాయి. కూరకి సరిపడా, రూల్స్ ఒప్పుకున్నంత పట్టి ఆపేయండి.

ఇంకా ఖర్చు పెట్టాలా?

2018లో గార్మిన్ లైవ్‌స్కోప్ తెచ్చాక ముందువైపు చూసే లైవ్ సోనార్‌ల మోజు మొదలైంది. చేప కదలడం, లూర్ వెంట పడటం నిజంగానే అప్పటికప్పుడు కనిపిస్తుంది. టెక్నాలజీగా అద్భుతం, అందులో అనుమానం లేదు. కానీ స్క్రీన్ కాకుండానే వెయ్యి డాలర్లు దాటుతుంది, దానికి తగ్గ బ్యాటరీ, పోల్ మౌంట్ అన్నీ వేరే. నెలకి ఒకసారి అద్దె పడవలోనో కయాక్‌లోనో వెళ్లే మనిషికి అది దండగ. ఆ డబ్బుతో ఒక మంచి గైడ్‌తో రెండు మూడు ట్రిప్పులు వెళ్లి, ఆయన స్క్రీన్ చూస్తూ ప్రశ్నలు వేయండి. ఎక్కువ నేర్చుకుంటారు, పైగా ఇంటికి చేపలు కూడా వస్తాయి.

నేను కొనమనేది జీపీఎస్, చిర్ప్ ఉన్న 4 లేదా 5 అంగుళాల యూనిట్. ట్రాన్స్‌డ్యూసర్‌ని బుడగలు రాని చోట, నేలకి సమాంతరంగా బిగించండి. కాస్త వంగినా ఆర్చ్‌లు సగం సగమే వస్తాయి. కయాక్ లోపల జిగురుతో అంటించే పద్ధతీ పనిచేస్తుంది, కాకపోతే నీటి ఉష్ణోగ్రత బదులు ప్లాస్టిక్ ఉష్ణోగ్రత చూపిస్తుంది.

తెలంగాణ, ఆంధ్రాల నుంచి అడిగేవాళ్లు ఎక్కువగా గాలానికి కట్టి విసిరే బంతి సోనార్‌ల గురించి అడుగుతారు. వైఫైతో ఫోన్‌కి కనెక్ట్ అవుతాయి, పడవ అక్కర్లేదు. మన ఊరి చెరువు కోసమే అయితే వద్దంటాను. మూడు మీటర్ల నీళ్లలో 20 డిగ్రీల కోన్ వెడల్పు ఒక మీటరు. ఆ మీటరులో చేప కనిపించే దాకా బంతి విసురుతూ కూర్చుంటే ఆ చప్పుడుకే చేపలు పోతాయి. పైగా కొర్రమీను గట్టు పక్కన తూటికాడల్లో, నాచులో ఉండి గాలి పీల్చడానికి తనే పైకొస్తుంది. దానికి కళ్లు చాలు. నాగార్జునసాగర్ లాంటి లోతైన జలాశయం గట్టు నుంచి వేసేవాళ్లకి మాత్రం, చేప కోసం కాకుండా నేల ఎక్కడ దిగిపోతోందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. ఒకే దిక్కుకి విసిరి నెమ్మదిగా లాక్కుంటూ లోతులు నోట్ చేసుకుంటే చాలు. అక్కడ చేపలు పట్టడానికి అనుమతి ఎవరిదో ముందు కనుక్కోండి, చాలా చోట్ల హక్కులు మత్స్యకార సంఘాలవి.

కొనే ముందు మీ ఫోన్ సంగతీ చూసుకోండి. ఇక్కడ డిస్‌ప్లే మీ ఫోనే. మధ్యాహ్నం ఎండలో బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి గంటసేపు వైఫై నడిపితే చాలా ఫోన్లు వేడెక్కి తమంతట తామే డిమ్ అయిపోతాయి, సరిగ్గా మీకు స్క్రీన్ కావాల్సిన టైమ్‌లో. పాత ఫోన్ ఒకటి, లేత రంగు కవర్, నీడకి ఒక గొడుగు తీసుకెళ్లండి. ఆ యాప్‌లో కూడా ఫిష్ ఐకాన్స్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉన్నాయేమో చూడండి.